కొత్త ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కట్లేదా? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి కాలేజీలు తెరిచే రోజులొస్తే విశాఖలో కొత్త ల్యాప్‌టాప్‌ల సందడి మొదలవుతుంది. కొన్న వారానికే సీనియర్లు "లైనక్స్ వేసుకో, ల్యాబ్‌లో పనికొస్తుంది" అంటారు. లైనక్స్ కూడా విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమే; ఉబుంటు, డెబియన్, ఫెడోరా దానిలో రకాలు. పాత మెషీన్ మీద అరగంటలో అయిపోయే పని కొత్తదాని మీద రోజంతా తినేస్తుంది. డిస్క్ కనపడదు, వై-ఫై రాదు, స్క్రీన్ నల్లబడుతుంది. మధురవాడ, రుషికొండ కాలేజీల పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను.

కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి.

మా అన్నయ్య దగ్గర ఉబుంటు 20.04 పెన్‌డ్రైవ్ ఉంది. తన ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తోంది. నా కొత్తదానికీ అదే వాడొచ్చా?

వద్దు. కొత్త ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఇబ్బందుల్లో చాలా ఇక్కడే పుడతాయి. లైనక్స్‌లో డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ని నడిపే చిన్న ప్రోగ్రాములు) చాలావరకు కెర్నల్‌తోనే, అంటే సిస్టమ్‌కి గుండెలాంటి మూల ప్రోగ్రామ్‌తోనే వస్తాయి, విండోస్‌లోలాగా కంపెనీ సైటు నుంచి ఒక్కొక్కటీ తెచ్చుకోము. అంటే కెర్నల్ విడుదలయ్యాక బజారులోకి వచ్చిన చిప్ గురించి ఆ కెర్నల్‌కి తెలిసే వీలే లేదు. నిరుడు అచ్చేసిన ఓటర్ల జాబితాలో ఈ ఏడు పద్దెనిమిది నిండిన కుర్రాడి పేరు వెతికితే ఎలా దొరుకుతుంది?

ఉబుంటు 20.04 మొదట 5.4 కెర్నల్‌తో వచ్చింది, దాని మామూలు సపోర్టు 2025 మేలో ముగిసింది కూడా. ఉబుంటు 24.04లో మొదట వచ్చింది 6.8. అదే 24.04.3 ఐఎస్ఓ (పెన్‌డ్రైవ్ మీదికి రాసే ఇన్‌స్టాల్ ఫైలు) తీసుకుంటే 6.14 వస్తుంది. పేరులో చివరి ఆ ఒక్క అంకె కొత్త మెషీన్‌కి చాలా తేడా చేస్తుంది. డెబియన్ 12లో 6.1, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 6.12. ఫెడోరా ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది, మధ్యలోనూ కెర్నల్‌ని తాజాగా ఉంచుతుంది.

నా సలహా: ల్యాప్‌టాప్ మోడల్ ఈ ఏడాదిదో పోయినేడాదిదో అయితే ఫెడోరా గానీ, ఉబుంటు తాజా విడుదల గానీ తీసుకోండి. డెబియన్ అంటే నాకు ఎంతో గౌరవం, అయినా నిన్న కొన్న మెషీన్‌కి దాని పాత వెర్షన్ తగదు. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ కాకుండా అసలు సైటు నుంచి దించుకుని, దాని షా256 చెక్‌సమ్ (ఫైలు పాడవకుండా దిగిందో లేదో చెప్పే అక్షరాల, అంకెల వరుస) సైటులో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో చూడండి. మొబైల్ డేటా మీద ఐదారు జీబీ దించేటప్పుడు ఫైలు మధ్యలో పాడవడం మామూలే. ఆ పాడైన ఫైలుతో ఇన్‌స్టాల్ చేస్తే అర్థంపర్థం లేని ఎర్రర్లు వస్తాయి.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు విండోస్‌లో ఏం చేసుకోవాలి?

దయచేసి దీన్ని పూర్తిగా చదవండి. తర్వాత వచ్చే టెన్షన్‌లో చాలావరకు ఇక్కడే తప్పుతుంది.

మొదటిది బిట్‌లాకర్ కీ. బిట్‌లాకర్ అంటే డిస్క్‌కి తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ సదుపాయం. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే చాలాసార్లు డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. ఎవరూ అడగరు, చెప్పరు. బయోస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే బూట్ కానిచ్చే రక్షణ) లాంటిది మార్చగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యారో ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. షాపులో మెషీన్ సెటప్ చేసిచ్చిన కుర్రాడు తన మెయిల్ వాడి ఉంటే కీ అతని అకౌంట్‌లోకి పోతుంది. ఇలా జరగడం కళ్ళారా చూశాను. కాబట్టి సెట్టింగ్స్‌లో అకౌంట్ ఎవరి పేరున ఉందో ముందు చూడండి. కీని కాగితం మీద రాసుకోండి లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత డివైస్ ఎన్‌క్రిప్షన్‌ని ఆపేయండి, లేదంటే కనీసం సస్పెండ్ చేయండి.

రెండోది బయోస్ అప్‌డేట్. కొన్ని కంపెనీలు దీన్ని విండోస్‌లో నడిచే ఫైలుగానే ఇస్తాయి, అందుకే విండోస్ ఉండగానే పూర్తిచేసుకోండి. కొత్త మోడల్ మొదటి బయోస్‌లో నిద్ర, టచ్‌ప్యాడ్, ఫ్యాన్‌కి సంబంధించిన లోపాలు చాలా ఉంటాయి. ఇంకో కారణం కూడా ఉంది. సెక్యూర్ బూట్ ఆధారపడే 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగుస్తుంది. వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లు బయోస్ అప్‌డేట్లతోనూ విండోస్ అప్‌డేట్లతోనూ వస్తాయి.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి దాన్ని తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లైనక్స్ మీ డీ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే ఇస్తుంది, ఫైలు కాపీ చేయబోతే కుదరదంటుంది.

లైనక్స్‌కి ఖాళీ జాగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తీయండి. 60 నుంచి 100 జీబీ ఉంటే హాయిగా సరిపోతుంది. ఇక ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ప్రాజెక్టు ఫైళ్ళు వేరే డిస్క్ మీదికి కాపీ చేసేదాకా ఇన్‌స్టాల్ బటన్ జోలికి పోకండి.

పెన్‌డ్రైవ్ పెట్టినా నేరుగా విండోసే వస్తోంది.

ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ తర్వాత ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్, ఎమ్మెస్ఐలో ఎఫ్11. ఏసర్‌లో ఎఫ్12, కానీ బయోస్‌లో ఆ మెనూని ముందు ఆన్ చేయాల్సి రావచ్చు. కొన్ని కీబోర్డుల మీద ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి.

మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించి, ఎంచుకోగానే సెక్యూర్ బూట్ ఎర్రర్ వస్తే బయోస్‌లో ఒక చోట చూడండి. కొన్ని కొత్త మోడళ్ళలో, ముఖ్యంగా ఆఫీసు తరగతి లెనోవోలలో, మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ని అనుమతించే ఆప్షన్ ఆఫ్‌లో ఉండి వస్తుంది. దాన్ని ఆన్ చేస్తే సెక్యూర్ బూట్ ఆపకుండానే ఉబుంటు, ఫెడోరా బూట్ అవుతాయి. ఏసర్‌లో సెక్యూర్ బూట్ ఆప్షన్ బూడిద రంగులో ఉండి కదలకపోతే, ముందు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే అది తెరుచుకుంటుంది. ఆ పాస్‌వర్డ్ మాత్రం మరిచిపోకండి.

పెన్‌డ్రైవ్‌ని రూఫస్‌తో (విండోస్‌లో ఐఎస్ఓని పెన్‌డ్రైవ్ మీదికి రాసే ప్రోగ్రామ్‌తో) రాసి ఉంటే, ఈసారి అందులో డీడీ పద్ధతి (ఐఎస్ఓని ఉన్నదున్నట్టు రాసే ఆప్షన్) ఎంచుకుని రాసి చూడండి.

ఇన్‌స్టాలర్ "డిస్క్ ఎక్కడా లేదు" అంటోంది. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది కదా!

ఎస్ఎస్‌డీ ఉంది, పాడవలేదు, భయపడకండి. ఈ ప్రశ్న ఎక్కువగా ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న మెషీన్లతో వస్తుంది.

మద్దిలపాలెంలో హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కనిపించింది చెబుతాను. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ ఎంచుకునే చోట ఒకే ఒక వరుస ఉంది. పేరు ఎస్‌డీఏ, సైజు 15 జీబీ చిల్లర. అది ఆమె పెట్టిన పెన్‌డ్రైవే. ఎస్ఎస్‌డీకి ఎన్‌వీఎమ్ఈ అనే పేరుతో రావాల్సిన వరుస అసలు లేదు. టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని కొడితే వచ్చిన జాబితా మధ్యలో "వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్" అన్న మాటలు దొరికాయి. సంగతి అక్కడ తేలిపోయింది. పొట్టిగా వీఎండీ అనే ఈ ఇంటెల్ ఏర్పాటు ఎస్ఎస్‌డీకి ముందు అడ్డుగా నిలబడి, దాన్ని తన వెనక దాచేస్తుంది. విండోస్‌కి అందుకు తగిన డ్రైవర్ ఫ్యాక్టరీలోనే వేసి పంపుతారు. లైనక్స్‌లోనూ వీఎండీ డ్రైవర్ ఉంది కాబట్టి ముందు తాజా ఐఎస్ఓతో ప్రయత్నించండి, దానితోనే చాలామందికి డిస్క్ కనిపిస్తుంది.

అప్పటికీ కనపడకపోతే బయోస్‌లో వీఎండీని ఆఫ్ చేయాలి. ఏసర్‌లో ఈ ఆప్షన్ మామూలుగా కనపడదు, మెయిన్ ట్యాబ్‌లో ఉండగా కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికొస్తుంది. కానీ నేరుగా ఆఫ్ చేసేస్తే విండోస్ బూట్ కాక నీలం తెర చూపిస్తుంది. విండోస్ కూడా ఉండాలంటే ఈ వరుసలో వెళ్ళండి. బిట్‌లాకర్ ఆపి, విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరవండి. బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కి టిక్కు పెట్టి రీస్టార్ట్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్ళి వీఎండీ ఆఫ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త పద్ధతికి తగిన డ్రైవర్ తనే ఎక్కించుకుంటుంది. తర్వాత మళ్ళీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్కు తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుంచుకోండి.

ఇంత చేశాక ఇన్‌స్టాలర్‌లో ఎస్ఎస్‌డీ వరుస కనిపిస్తుంది. అక్కడ ఈఎఫ్ఐ పార్టిషన్ అని 100 నుంచి 260 ఎంబీ దాకా ఉండే చిన్న ముక్క ఉంటుంది. దాన్ని వాడుకోవచ్చు గానీ ఫార్మాట్ చేయకూడదు. విండోస్ బూట్ ఫైళ్ళు ఉండేది అందులోనే.

లోగో వచ్చాక స్క్రీన్ నల్లగా అయిపోతోంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

అది గ్రాఫిక్స్ డ్రైవర్ తడబాటు. గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ బూట్ చేయాలో అడిగే తెర) వచ్చినప్పుడు పైన ఉన్న వరుస మీద నిలబడి ఇ అక్షరం నొక్కండి. తెరుచుకున్న దాంట్లో లైనక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివరికి వెళ్ళి, ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని టైపు చేసి ఎఫ్10 నొక్కండి. తెర కాస్త మొద్దుగా కనిపించినా ఇన్‌స్టాల్ పూర్తవుతుంది. ఇది తాత్కాలిక మార్గమే. అసలు డ్రైవర్ ఎక్కాక ఈ మాట తీసేయాలి, లేదంటే బ్రైట్‌నెస్ మారదు, వీడియో ఆగిఆగి ఆడుతుంది.

నల్లబడకుండా మధ్యమధ్యలో మినుకుమంటుంటే అది వేరే జబ్బు. బ్యాటరీ మిగల్చడానికి వాడే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ చాలాసార్లు దానికి మూలం. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఐ915 డాట్ ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్‌ఆర్ ఈక్వల్స్ 0 అని, ఏఎండీలో ఏఎండీజీపీయూ డాట్ డీసీడీబగ్‌మాస్క్ ఈక్వల్స్ 0ఎక్స్10 అని అదే వరుసలో చేర్చి చూడండి.

వై-ఫై గుర్తే లేదు. ఇంటర్నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలి?

ఫోన్ ఉందిగా. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్‌కి అది మామూలు వైరు ఇంటర్నెట్‌లా కనిపిస్తుంది, ఏ డ్రైవరూ అడగదు. ఫోన్ ఇంట్లోని వై-ఫైకి కలిసి ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళతో ఇది కుదరదు.

ఇప్పుడు ఎల్ఎస్‌పీసీఐ కొట్టి నెట్‌వర్క్ అన్న వరుస చదవండి. ఇంటెల్ కార్డయితే అదృష్టవంతులు, కెర్నల్‌నీ లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీనీ అప్‌డేట్ చేస్తే దాదాపు ఎప్పుడూ వచ్చేస్తుంది. రియల్‌టెక్ 8852బీఈ అని ఉంటే 6.2 గానీ ఆపైన గానీ కెర్నల్ కావాలి. డెబియన్ 12 మామూలు కెర్నల్‌తో ఇది రాకపోవడానికి కారణం అదే. మీడియాటెక్ 7921కి 5.12 నుంచీ, 7925కి 6.7 నుంచీ డ్రైవర్ ఉంది.

మీడియాటెక్ 7902 అని కనిపిస్తే మాత్రం ఇబ్బందే. 2025 దాకా కెర్నల్‌లో దీనికి డ్రైవరే లేదు, మన దగ్గర తక్కువ ధర మోడళ్ళలో ఈ కార్డు బాగా వచ్చింది. నెట్‌లో దొరికే తెలియని స్క్రిప్టులన్నీ నడిపి సిస్టమ్‌ని పాడుచేసుకునే బదులు కార్డు మార్చుకోవడం నయం. ఇంటెల్ ఏఎక్స్210 కొనండి, అది ఏఎండీ మెషీన్లలోనూ పనిచేస్తుంది. చూడటానికి అచ్చం అలాగే ఉండే ఏఎక్స్211 కొనకండి, అది తగిన ఇంటెల్ ప్రాసెసర్లతో మాత్రమే పనిచేస్తుంది. షాపువాళ్ళు "రెండూ ఒకటే" అన్నా నంబరు చూసి తీసుకోండి. అయితే కొనే ముందు కార్డు బోర్డుకే అతికించి ఉందా, ఊడదీసేలా ఉందా అన్నది ఎవరిచేతనైనా చూపించుకోండి.

ఎన్విడియా డ్రైవర్ వేశాను. ఎక్కిందని చెప్పింది గానీ పనిచేయట్లేదు.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. అందుకే ఉబుంటు డ్రైవర్ ఎక్కించేటప్పుడు మిమ్మల్ని ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. చాలామంది అదేదో లాగిన్ పాస్‌వర్డ్ అనుకుని వదిలేస్తారు. రీస్టార్ట్ చేయగానే నీలం తెర మీద "ఎంఓకే మేనేజ్‌మెంట్ కోసం ఏదైనా కీ నొక్కండి" అని ఇంగ్లీషులో వచ్చి, పక్కన పది నుంచి అంకెలు తగ్గుతుంటాయి. ఆ పది సెకన్లలో టీ గ్లాసు అందుకోవడానికి అటు తిరిగారంటే అవకాశం పోతుంది, మెషీన్ మామూలుగా బూట్ అయిపోతుంది, డ్రైవర్ బయటే ఉండిపోతుంది.

కీ నొక్కి ఎన్‌రోల్ ఎంఓకే (డ్రైవర్ మీది సంతకాన్ని మెషీన్ నమ్మేలా నమోదు చేసే ఆప్షన్) ఎంచుకుని, కంటిన్యూ, యెస్ అంటూ పోతే ముందు పెట్టిన పాస్‌వర్డ్ అడుగుతుంది. టైపు చేస్తుంటే తెర మీద ఏమీ కనిపించదు, కీబోర్డు అమెరికన్ పద్ధతిలో ఉంటుంది. అందుకే ఉత్త అంకెలు, చిన్న అక్షరాలతో పాస్‌వర్డ్ పెట్టుకోమంటాను. ఆ తెర జారిపోయి ఉంటే సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ అని, దాని వెనక రెండు గీతలతో ఎన్‌రోల్-కీ అని కొడితే మళ్ళీ వస్తుంది.

ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డయితే డ్రైవర్ పేరులో ఓపెన్ అని ఉన్నదే వేయాలి. ఆ కార్డులు ఓపెన్ కెర్నల్ మాడ్యూళ్ళతో మాత్రమే పనిచేస్తాయి. ఎన్విడియా సైటు నుంచి రన్ ఫైలు దించి వేసే పద్ధతిని నేను సిఫారసు చేయను, కెర్నల్ అప్‌డేట్ వచ్చిన రోజున మళ్ళీ నల్ల తెర చూడాల్సి వస్తుంది.

ఇన్‌స్టాల్ అయింది. కానీ ఆన్ చేస్తే విండోసే వస్తోంది. మా బావకేమో దీనికి ఉల్టా, విండోస్ మెనూలో లేదు.

మొదటిదానికి బయోస్ బూట్ వరుసలో ఉబుంటు లేదా ఫెడోరా పేరుని పైకి జరపండి. విండోస్ పెద్ద అప్‌డేట్ల తర్వాత ఈ వరుస మళ్ళీ మారిపోవచ్చు.

మీ బావగారి విండోస్ పోలేదు. గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లని వెతికే పని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైలు తెరిచి, గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న వరుసకి ఫాల్స్ అని ఇచ్చి సుడో అప్‌డేట్-గ్రబ్ నడిపితే మెనూలోకి వస్తుంది. ఆ వరుస పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్లతో ఉంటుంది.

షిమ్, ఎస్‌బీఏటీ అన్న మాటలతో "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని వచ్చి మెషీన్ ఆగిపోతే అది మూడో సంగతి. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత రెండు సిస్టమ్‌లు పెట్టుకున్న ఎంతోమందికి ఇది వచ్చింది. బిట్‌లాకర్ కీ దగ్గర పెట్టుకుని సెక్యూర్ బూట్‌ని తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్ళి పూర్తి అప్‌డేట్ చేసి మళ్ళీ ఆన్ చేయండి.

లైనక్స్ వాడి విండోస్‌కి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది.

లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. రెండింటికీ తేడా సరిగ్గా 5:30. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని కొట్టండి. వేసవిలో గడియారాలు మార్చే దేశాల్లో ఈ పద్ధతితో చిక్కులు వస్తాయి, మనకి ఆ గొడవ లేదు.

మూత వేసి బ్యాగులో పెడితే కాలేజీకి చేరేసరికి ల్యాప్‌టాప్ కాలిపోతోంది, బ్యాటరీ సగం.

గాజువాక నుంచి రుషికొండ దాకా బస్సులో, మే నెల ఉక్కలో, బ్యాగులో వేడెక్కే ల్యాప్‌టాప్ మంచిది కాదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పాత ల్యాప్‌టాప్‌లు ఎస్3 అనే గాఢ నిద్రలోకి వెళ్ళేవి. కొత్తవాటిలో చాలా కంపెనీలు దాన్ని తీసేసి మోడర్న్ స్టాండ్‌బై ఒక్కటే ఇస్తున్నాయి. అందులో ప్రాసెసర్ పూర్తిగా ఆగదు, ఏ ఒక్క భాగం నిద్రపోకపోయినా బ్యాటరీ కరుగుతుంది. స్లాష్ సిస్ స్లాష్ పవర్ స్లాష్ మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ అన్న ఫైలుని క్యాట్‌తో చదవండి. ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంటే మీది కొత్త రకం. డీప్ అని కూడా ఉంటే అదృష్టం, దానికి మార్చుకోవచ్చు.

కొత్త రకమైతే బయోస్, కెర్నల్ రెండూ అప్‌డేట్ చేయండి, మూత వేసే ముందు యూఎస్‌బీ పోర్టుల్లో ఏమీ ఉంచకండి. అయినా తగ్గకపోతే ప్రయాణంలో షట్‌డౌన్ చేయడమే ఉత్తమం. ఎన్‌వీఎమ్ఈ డిస్క్ మీద మళ్ళీ ఆన్ అవడానికి ఎక్కువసేపు పట్టదు.

సౌండ్ రావట్లేదు. కెమెరా, వేలిముద్ర కూడా.

సౌండ్ సెట్టింగ్స్‌లో "డమ్మీ అవుట్‌పుట్" అని ఉంటే చాలాసార్లు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ లేకపోవడమే. డెబియన్‌లో ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్, ఆర్చ్ అనే ఇంకో లైనక్స్ రకంలో సాఫ్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి.

కెమెరా యూఎస్‌బీ రకమైతే ఏమీ చేయకుండానే వస్తుంది. పలచని ఖరీదైన మోడళ్ళలో ఇంటెల్ ఐపీయూ6 కెమెరాలు ఉంటాయి, వాటితో అంత తేలిక కాదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ దగ్గరలో ఉంటే చిన్న యూఎస్‌బీ కెమెరా ఒకటి కొనుక్కోండి.

వేలిముద్ర: మీ సెన్సర్ లిబ్‌ఎఫ్‌ప్రింట్ (లైనక్స్‌లో వేలిముద్ర సెన్సర్లని నడిపే ప్రోగ్రామ్) జాబితాలో ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. దానికోసం రాత్రులు మేలుకోకండి.

స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఏ పెన్‌డ్రైవూ బూట్ కావట్లేదు.

మామూలు ఐఎస్ఓలు ఏఎండీ64 రకం, ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకే. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఏఆర్ఎం రకం. దానికి వేరే ఐఎస్ఓ కావాలి, పైగా ఒక్కో మోడల్‌కి కెర్నల్‌లో విడిగా వివరాలు ఉండాలి. ఉబుంటు వాళ్ళు 2024 చివర్లో ఈ మెషీన్ల కోసం ప్రయోగాత్మక ఐఎస్ఓ ఇచ్చారు. లైనక్స్ తప్పనిసరి అనుకునేవాళ్ళు ఇంకా కొనకపోతే ఇంటెల్ గానీ ఏఎండీ గానీ తీసుకోండి.

మధ్యలో కరెంటు పోతే?

బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్ తగిలించే మొదలుపెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో అయితే ఇన్‌స్టాల్, ముఖ్యంగా బయోస్ అప్‌డేట్, వాతావరణం తేటపడ్డాక పెట్టుకోండి. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగితే మళ్ళీ చేసుకోవచ్చు. బయోస్ అప్‌డేట్ మధ్యలో ఆగితే సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాల్సి రావచ్చు.

మా అబ్బాయి ల్యాప్‌టాప్ ఇంకా ఈఎంఐలోనే ఉంది. లైనక్స్ వేస్తే వారంటీ పోతుందాండి?

సాధారణంగా హార్డ్‌వేర్ వారంటీకి ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం ఉండదండి. అయినా మీ వారంటీ కార్డు ఒకసారి చదవండి. సర్వీస్ సెంటర్‌లో పరీక్షలన్నీ విండోస్ మీద చేస్తారు కాబట్టి మొదటి ఏడాది విండోస్‌ని పూర్తిగా తుడిచేయకుండా రెండూ ఉంచమని బాబుకి చెప్పండి. విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ కూడా ఒకటి చేసి పెట్టుకోమనండి.

ఇంకొక మాట. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్‌ని నడిపి చూడొచ్చు, డిస్క్ మీద ఏమీ మారదు. వై-ఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, కెమెరా, మూత వేసి తీయడం అన్నీ అక్కడే పరీక్షించమనండి. అవి సరిగ్గా ఉన్నాకే ఇన్‌స్టాల్.

తెలుగు టైపింగ్ ఎలా?

చదవడానికి ఫాంట్స్-తెలు ప్యాకేజీ చాలు. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా వేసుకోండి. టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ వేసి, లాగౌట్ అయి వచ్చాక కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు కింద చూడండి. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్ళకి అది, ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాళ్ళకి ఆర్‌టీఎస్ దొరుకుతాయి. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్ళు మాత్రం యూనికోడ్ కావు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి.

ఇవన్నీ చేసినా కుదరలేదు. సాయం అడిగేటప్పుడు ఏం రాయాలి?

"లైనక్స్ పనిచేయట్లేదు, అర్జెంట్" అని రాస్తే ఎంత తెలిసినవాళ్ళైనా ఏమీ చెప్పలేరు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరు, డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకం) పేరు, వెర్షన్, యూనేమ్ -ఆర్ ఇచ్చే కెర్నల్ నంబరు, బయోస్ వెర్షన్ రాయండి. ఇంక్సీ -ఎఫ్ఎక్స్‌జెడ్ కమాండ్‌లో ఎఫ్ మాత్రం పెద్ద అక్షరం, అది మెషీన్ వివరాలన్నీ ఒకేచోట చూపిస్తుంది, చివరి జెడ్ వల్ల మీ సీరియల్ నంబర్ల లాంటివి దాచేస్తుంది. మెషీన్ బిగుసుకుపోయి బలవంతంగా ఆపాల్సి వస్తే, మళ్ళీ ఆన్ చేశాక జర్నల్‌సీటీఎల్ -బి -1 అని కొట్టండి, అంతకుముందు బూట్‌లో చివరగా ఏం జరిగిందో అందులో ఉంటుంది. తెర మీది ఎర్రర్‌ని ఫొటో తీస్తే సరే, కానీ అందులోని మాటలు టైపు కూడా చేయండి. అదే ఎర్రర్ ఉన్న ఇంకొకరు రేపు వెతికితే టైపు చేసిన మాటలే దొరుకుతాయి.

పరిష్కారం దొరికాక ఏం చేస్తే కుదిరిందో అదే చోట రాసి పెట్టండి.